మాస్టారి ట్వీటర్లు చెడిపోలేదు

చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, పాపా క్షేమంగా ఉన్నారని నమ్ముతాను. ఉత్తరం ఏదైనా సరే ముందు ఈ ముక్క ఉండాలనేది అమ్మ. "బతికున్నామని చెప్పి, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చిన సోది రాసుకోండి" అనేది. ఆవిడ మాట కోసం రాశాను గాని, క్షేమం అన్న మాట నా విషయంలో ఎంతవరకు నిజమో ఉత్తరం చివరికొచ్చాక నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరం అందగానే జవాబు రాయాల్సింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. కాగితం తీయడం, క్షేమసమాచారాల దాకా రాయడం, ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయడం, ఇదే పనయింది. బుట్ట నిండాక మీ వదిన అడిగింది, కాగితాల కొట్టువాడితో ఏమైనా ఒప్పందం కుదుర్చుకున్నారా అని. ఈ రోజు మాత్రం పూర్తి చేసి తీరాలి. ఎందుకంటే సాయంత్రం ఆవిడ నీకు ఫోన్ చేస్తుంది. ఈ ఉత్తరం చేరేదాకా మీ కంపెనీవాళ్ళకి అవుననీ కాదనీ చెప్పొద్దంటుంది. కారణం అడిగితే మీ అన్నయ్యే రాస్తున్నాడంటుంది. అలా చెప్పమన్నది నేనే.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ వదిన మోకాలు నయమే. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇప్పటికీ నన్ను తలుచుకునే మూలుగుతుంది, ఆ పెద్ద స్పీకరు పెట్టెని మేడ మీదికి చేర్చడానికి చెయ్యి వేయమన్నది నేనే కాబట్టి. వెనక గది కప్పు కారడం ఆగింది. తాపీమేస్త్రీ వచ్చి పగులు పూడ్చి వెళ్ళాడు. కారిన నీళ్ళు ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా నేను ప్లైవుడ్ నిలబెట్టిన మూలకే చేరాయి. ఒక షీటు ఉబ్బి, పొరలు విడిపోయి, పనికిరాకుండా పోయింది.

నువ్వు వచ్చినప్పుడు ఒక పెట్టె పైభాగాన వెనీరు చెక్కపొర బుడగలా లేచి ఉందని చూపించావు కదా, అది అణిగింది. చెక్కనార వెంట బ్లేడుతో సన్నగా గాటు పెట్టి, లోపలికి జిగురు ఎక్కించి, పైన గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో నొక్కాను. ఎక్కడ చీల్చానో ఇప్పుడు నాకే కనిపించడం లేదు. ఆ ఇస్త్రీపెట్టె మీ వదినది. అడుగున అంటుకున్న జిగురు నేను చూడలేదు, మర్నాడు ఆవిడ తెల్ల దుప్పటి చూసింది. ఇంట్లో ఇప్పుడు రెండు ఇస్త్రీపెట్టెలున్నాయి, ఒకదాని మీద "చెక్కలకు మాత్రమే" అని ఆవిడ చేతిరాతతో కాగితం అంటించి ఉంది.

పాప గదికోసం చేస్తానన్న చిన్న స్పీకరు పూర్తయింది గాని పంపలేదు. ఎందుకు పంపలేదో తర్వాత చెబుతాను. ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరాలేమిటి అన్నయ్యా అనీ అడిగావు. నీ మాట ముక్కలు ముక్కలుగా వస్తోందని నేనంటే పాపం నువ్వు ఫోనే మార్చేశావు. కొత్త ఫోన్లోనూ అలాగే ఉందన్నాను. ఇంట్లో సిగ్నల్ లేదేమోనని చలిలో బాల్కనీలో నిలబడి మాట్లాడావు, తుమ్ముకుంటూ. దానికి జవాబు కూడా తర్వాతే.

ఇక సంగీతం మాస్టారి విషయం. ఆయన స్పీకర్ల జత ఎలా ఉంది, ఆయన సంతోషంగా ఉన్నారా అని అడిగావు. ఆ రోజు నువ్వక్కడే ఉన్నావు కాబట్టి మళ్ళీ రాయనక్కర్లేదు. అయినా రాస్తాను. నేను చేసింది నా చేత్తో రాసి ఒకసారి నా కళ్ళతో చూసుకోవాలి.

మాస్టారు పెళ్ళయిన కొత్తలో కొన్న జత అది. నా దగ్గరికి వచ్చేసరికి బొంగురు స్వరాలు పలికే వూఫర్ల చుట్టూ ఉండే ఫోమ్ రింగులు వేలు తగిలితే పొడిగా రాలిపోతున్నాయి. పెట్టె ముందుండే గుడ్డ చిరిగింది, మూలలు పిల్లి గీరేసింది. వాటిని చూడగానే నాకు ఎంత హుషారొచ్చిందో నీకు తెలుసు. రింగులు మార్చాను. మూలలకి వెనీరు అతికి, పాత రంగులో కలిసిపోయేదాకా పాలిష్ పట్టాను. అంతా అయ్యాక పాట పెట్టి కుర్చీలో కూర్చుంటే గొంతు మీద కంబళి కప్పినట్టు అనిపించింది. స్వరాలని విడగొట్టి పంపే కెపాసిటర్లు పాతబడ్డాయేమోనని మార్చాను. కంబళి తొలగలేదు. అప్పుడు తీర్మానించాను, సన్నటి స్వరాలు పలికే ఆ చిన్న స్పీకర్లు, ట్వీటర్లు, రెండూ చచ్చిపోయాయని. వాటిని ఊడదీసి బిస్కట్ల డబ్బాలో పడేశాను. కొత్తవి తెప్పించి బిగించాను. అదీ చాలక వాటి జోరు తగ్గించడానికి లోపల కట్టి ఉంచిన రెసిస్టర్లు కూడా తీసేశాను. అప్పుడు నా చెవికి పాట విచ్చుకుంది. నన్ను మించినవాడు లేడనుకున్నాను.

మాస్టారు వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, తనతో తెచ్చుకున్న టేపు పెట్టమన్నారు. చనిపోయిన భార్య ఇంట్లో పాడుకుంటుంటే ఆయన స్వయంగా రికార్డు చేసిన టేపు. పాట సగంలో చేయెత్తి ఆపమన్నారు. ఆయన ముఖం నువ్వు చూశావు.

"అంతా స్పష్టంగానే ఉంది బాబూ," అన్నారు. "మా ఆవిడ గొంతు మాత్రం ఇలా ఉండేది కాదు."

నేనేమన్నానో గుర్తుందా? ఇన్నేళ్ళ తర్వాత గొంతు ఎలా ఉండేదో మనకేం గుర్తుంటుంది మాస్టారూ, మనసు అన్నిటినీ మెత్తబరిచి దాచుకుంటుంది, టేపులో ఉన్నదే అసలు గొంతు అన్నాను. ఆయన తలూపారు. పెద్దమనిషి, వాదించలేదు. అప్పుడు నువ్వు టీకప్పులతో గుమ్మంలో నిలబడి, పాటలో 'స' వచ్చినప్పుడల్లా చెవిలో సూది దిగుతోంది అన్నయ్యా, ఆ ట్వీటర్లు బాగా తగ్గించు అన్నావు. వినయంగానే అన్నావు. బయటివాళ్ళ ముందు నా పని గురించి ఒకరు, అందులోనూ నేను భుజాల మీద మోసి పెంచిన పిల్ల, తప్పు చూపించేసరికి నాకు ఒళ్ళు మండింది.

"దాని మాట పట్టించుకోకండి మాస్టారూ. చిన్నప్పుడు చీము కారిన చెవి. అది సగమే పనిచేస్తుందని డాక్టరు అప్పుడే చెప్పాడు."

నువ్వు కప్పులు బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయావు. భోజనాల దగ్గర కూడా మామూలుగానే ఉన్నావు. బస్సెక్కే ముందు మాత్రం మీ వదినని పక్కకి పిలిచి, నిజంగా డాక్టరు అలా అన్నాడా వదినా అని అడిగావట. నీకు చీము పట్టిన రోజుల్లో ఆవిడ ఇంకా ఈ ఇంటికి కోడలై రాలేదు, ఆవిడకేం తెలుసు?

ఆ తర్వాత నీ ఉద్యోగం ఉత్తరం వచ్చింది. ఇన్నాళ్ళూ కంపెనీలో స్పీకర్లకి టంకం వేస్తూ ఉన్నావు. ఇప్పుడు నిన్ను వినే గదిలోకి రమ్మంటున్నారని రాశావు. బయటికి వెళ్ళే ప్రతి జతనీ చివర ఒకసారి కూర్చుని విని, ఇది వెళ్ళొచ్చు, ఇది వెళ్ళకూడదు అని చెప్పే పని. మిషన్లు చెప్పలేని తేడా నువ్వు చెప్పావని మీ పెద్ద ఇంజనీరుగారే స్వయంగా అడిగారని రాశావు. ఒప్పుకోనా అన్నయ్యా, నా చెవి ఆ పనికి పనికొస్తుందంటావా అని అడిగావు. నేను రాసిన జవాబు నాకు కంఠతా వచ్చు. "బాధ్యత గల పని. సగం చెవితో పదిమంది నష్టానికి పూచీపడటం మనకెందుకు? ఉన్నచోట హాయిగా ఉండు."

దానికి నువ్వు రాసినదే నా ముందున్న ఈ ఉత్తరం. "నువ్వు చెప్పాక ఇంకేం ఆలోచిస్తాను? నా చెవి కన్నా నీ చెవి మీదే నాకు నమ్మకం. వద్దని చెప్పేస్తాను. ఇంట్లో పాట పెట్టడం కూడా మానేశాను అన్నయ్యా. ఏది సరిగ్గా వింటున్నానో, ఏది తప్పుగా వింటున్నానో తెలియనప్పుడు వినడమెందుకు? ఈయన చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామంటారు. మా అన్నయ్య చెప్పాక డాక్టరెందుకన్నాను."

చెల్లాయ్, నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతకన్నా మంచి మాట దొరకడం లేదు. నువ్వు తిట్టి ఉంటే తిరిగి తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇలా రాస్తే ఏం చేయను? ఇక చెబుతాను.

పోయింది నీ చెవి కాదు. నాది.

ఒక మధ్యాహ్నం మీ వదిన పక్కింటికి వెళ్ళింది. నేను వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, ఫ్రిజ్ తలుపు సరిగ్గా వేయకుండా వచ్చి, పక్క గదిలోనే సాండ్‌పేపర్ పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ వచ్చేసరికి పాలు విరిగిపోయాయి, నేలంతా నీళ్ళు. తలుపు తెరిచి ఉంటే అది కీచుమని కూస్తూనే ఉంటుంది కదా, వీధిలోకి వినబడుతోంది, మీకెలా వినబడలేదు అంది. పనిలో ఉన్నానన్నాను. పనిలో ఉన్నప్పుడు నేను ప్రపంచాన్ని మరిచిపోతానని ఆవిడ ఇన్నేళ్ళుగా చెప్పుకుంటోంది, అందుకే నమ్మింది. నేనూ నమ్మాను.

తర్వాత ఎవరిదో ఇంకో జత వచ్చింది. దానిదీ అదే రోగం, పాట మీద కంబళి. ఈసారి ఆ బిస్కట్ల డబ్బాలోని మాస్టారి ట్వీటర్లు రెండూ తీసి, ఎక్కడ చచ్చిపోయాయో చూద్దామని బల్లమీద పెట్టాను. బొంగురు స్వరం నుంచి మొదలై సన్నగా పైపైకి పోయే పరీక్ష ధ్వని ఒకటి ఉంటుంది, అది పెట్టాను. కొంత దూరం వినబడింది. తర్వాత ఆగిపోయింది. మీటరు ముల్లు మాత్రం పడలేదు. అంటే కరెంటు వెళ్తోంది, లోపలి తీగ తెగలేదు. చెవి దగ్గరగా పెట్టాను. ఏమీ లేదు. రెండోది పెట్టాను. దాని పద్ధతీ అదే, సరిగ్గా అదే స్వరం దగ్గర మౌనం. ఇవి రెండూ కూడబలుక్కుని ఒకేచోట చచ్చాయా అనుకుంటూ ధ్వని ఇంకాస్త పెంచాను. అప్పుడు మేడ మీద బట్టలు ఆరేస్తున్న మీ వదిన మెట్లమీంచి వంగి అరిచింది, "ఏవండీ, ఆ ఈల ఆపండి, తల పగిలిపోతోంది."

నా చెవి ట్వీటరుకి ఆనించి ఉంది. ఆవిడ మేడ మీద ఉంది.

ఆ ఈల నాకు వినబడలేదు, చెల్లాయ్. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వినలేక ట్వీటర్లు చెడిపోయాయన్నాను. ముసలితనం పెట్టెలకి వచ్చిందనుకుని కెపాసిటర్లు మార్చాను, రెసిస్టర్లు పీకాను. ఏడాదిగా నా చేతుల మీదుగా వెళ్ళిన ప్రతి జతనీ నా చెవికి తగ్గట్టు గీపెట్టించి పంపాను. కాస్త కీచుమంటోందండీ అని ఎవరైనా వెనక్కి వస్తే, అలవాటవుతుందని సర్దిచెప్పాను. ఒకాయనకైతే మంచి శబ్దం వినే అలవాటు లేదని కూడా చెప్పాను.

మీ వదినకి చెప్పకుండా చెవుల క్లినిక్‌కి వెళ్ళాను. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. మొదట కొన్ని నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. గాజు అవతల కూర్చున్న అమ్మాయి నన్నే చూస్తోంది. పనిలో జాప్యం నాకు నచ్చదు కదా, ఇంకో చెవికి పరీక్ష ఎప్పుడు మొదలుపెడతారమ్మా అని అడిగాను.

"మొదలుపెట్టి చాలాసేపయిందండీ," అంది ఆ అమ్మాయి.

వయసుతో వచ్చిందే, పైగా ఇన్నేళ్ళుగా రంపం మిషను దగ్గర చెవులకి ఏమీ పెట్టుకోకుండా నిలబడ్డ ఫలితమన్నారు. మిగిలింది కాపాడుకోమన్నారు. స, ష లాంటి అక్షరాలు ముందు పోతాయట, అందుకే ఫోన్లో మాటలు ముక్కలుగా వినబడతాయట. నీ ఫోన్‌కి ఏ రోగమూ లేదు. నువ్వు అనవసరంగా చలిలో నిలబడ్డావు.

ఇప్పుడు అసలైన సంగతి. ఇదంతా నీకు జవాబు రాసిన తర్వాత తెలిసిందని నువ్వనుకుంటూ ఉంటావు. నీ మనసు అలాంటిది, నాకోసం ఒక సాకు వెతికి పెట్టే ఉంటావు. లేదు. ఆ క్లినిక్ నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నీ ఉద్యోగం ఉత్తరం పడి ఉంది. చెప్పులు విప్పకుండా చదివాను. నా చెవి పోయిందని తెలిసిన రోజునే, తెలిసి తెలిసి, నీది సగం చెవి అని రాశాను. అదే పూట పోస్టు చేశాను, ఆలస్యమైతే మనసు మారుతుందేమోనని.

ఎందుకు రాశానని ఇన్ని రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. నీ చెవి మంచిదైతే ఆ రోజు సూదులన్నది నిజమవుతుంది, మాస్టారి ముందు నేను చెప్పింది అబద్ధమవుతుంది, అదొకటి. ఇంకోటి చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. వినే గది అన్న మాట చదవగానే నాకు అసూయ కలిగింది. ఈ ఊళ్ళో నన్నందరూ చెవులాయన అంటారు. స్పీకరు ముందు కూర్చోబెట్టి చెప్పమంటారు. అది పోతున్న రోజునే నిన్ను ఒక పెద్ద కంపెనీ కుర్చీ వేసి కూర్చోమంటోంది. మన ఇంట్లో చెవి ఒకటే ఉండాలి, అది నాదే కావాలి అనుకున్నాను. సొంత చెల్లెలి మీద అసూయపడే అన్నని నేను ఎక్కడా చూడలేదు, అద్దంలో తప్ప.

పాట పెట్టడం మానేశానని నువ్వు రాసింది చదివాక కూర్చోలేకపోయాను. నీ దగ్గరికి రావడానికి ముఖం చెల్లలేదు. ముందు మాస్టారింటికి వెళ్ళాను. ఆ స్పీకర్లు హాల్లో ఒక మూలకి జరిపి ఉన్నాయి, పైన దుప్పటి కప్పి ఉంది. బాగున్నాయా మాస్టారూ అంటే, బాగానే ఉన్నాయి బాబూ, వినడానికే తీరిక దొరకడం లేదన్నారు. ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉంటారు. తీరికకేం లోటు?

నిలబడే అంతా చెప్పాను. నాకు సన్నటి స్వరాలు వినబడవనీ, మీ ట్వీటర్లు చెడిపోలేదనీ, నా చెవికోసం మీ ఆవిడ గొంతు పాడుచేసి, మీ జ్ఞాపకమే తప్పన్నాననీ చెప్పాను. కోప్పడతారని సిద్ధపడే వెళ్ళాను. ఆయన లేచి ఆ దుప్పటి తీసి మడతపెట్టారు.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట," అన్నారు.

అంతే. ఆయన కళ్ళు తడయ్యాయి, ముఖంలో మాత్రం సంతోషం. ఇన్ని నెలలుగా ఆ మనిషి ఆ టేపు పెట్టుకోవడం, అది ఆవిడ గొంతులా లేకపోవడం, తప్పు తన మనసుదే అనుకుని ఆపేయడం. నా మీద కోపం పెట్టుకోవడానికి కూడా ఆయనకి తోచలేదు. అక్కడే ఒక కుర్చీలో కూలబడి నేను నీ గురించే ఆలోచించాను. మాస్టారికి ఎలా చేశానో నీకూ అలాగే చేశాను, ఆయనకి చేసింది తెలియక, నీకు చేసింది తెలిసి.

మర్నాడు మీ వదినని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడకి అప్పటికి దాదాపు అంతా చెప్పేశాను. నువ్వు ఆవిడతో మాట్లాడినప్పుడు నా గురించి ఏమందో నాకు చెప్పొద్దు, నా ముందు అన్నవే చాలు. పాత ట్వీటర్లు బిగించి, తీసిన రెసిస్టర్లు మళ్ళీ కట్టి, కొత్త కెపాసిటర్లకి తగ్గట్టు జోరు సర్దడానికి తిప్పే మీట ఒకటి పెట్టాను. తర్వాత మీ వదినని కుర్చీలో కూర్చోబెట్టి ఎలా ఉందో చెప్పమన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడని వినే కుర్చీలో ఎప్పుడూ కూర్చోబెట్టలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని, ఇంకా గుచ్చుతోంది, ఇంకాస్త తగ్గించండి, ఇప్పుడు మరీ మూలిగినట్టుంది, ఇదిగో ఇక్కడ ఆపండి అంది. నేను ఆవిడ చెప్పినచోట ఆపాను. నాకు మళ్ళీ కంబళే వినబడింది. మాస్టారు మాత్రం పాట ఆసాంతం విన్నారు. అయ్యాక మళ్ళీ పెట్టమన్నారు. మేం వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి నన్ను ఒక్కటే అడిగారు, ఆ రోజు టీ తెచ్చిన అమ్మాయికి చెప్పారా అని.

పాపకి చేసిన చిన్న స్పీకరు అందుకే పంపలేదు. పెట్టె నేను చేశాను, బాగా కుదిరింది. లోపలి శబ్దం మాత్రం నువ్వు సరిచేసుకోవాలి. ఇక మీదట నేను చెక్కపని, పాలిష్, ఫోమ్ రింగులు మాత్రమే చేస్తాను. శబ్దం సంగతి వచ్చినవాళ్ళకి మొహం మీదే చెబుతున్నాను, నాకు తెలియదని. పాతవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కరికీ వెళ్ళి విప్పి సరిచేస్తున్నాను, మీ వదిన కుర్చీలో కూర్చుంటుంది. ఆవిడ ఇప్పుడు వీధిలో నాకన్నా ఒక అడుగు ముందు నడుస్తోంది.

ఇంకొకటి మిగిలింది. ఇది మీ వదినకి కూడా ఇంకా చెప్పలేదు. నీ చెవి సగమే పనిచేస్తుందని ఏ డాక్టరూ అనలేదు, చెల్లాయ్. నీ చెవికి చీము పట్టినప్పుడు నిన్ను ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్ళింది అమ్మా నేనూ. డాక్టరు మందు వేసి, మళ్ళీ రమ్మని, తగ్గాక రెండు చెవుల్లోనూ లైటు వేసి చూశాడు. మచ్చ కూడా మిగల్లేదు, పిల్ల చీమ నడిచినా వింటుందన్నాడు. అమ్మ నవ్వింది. ఆ మాట విన్నవాళ్ళలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను. నేను ఏది చెబితే అదే నిజమయ్యే చోట నిలబడి ఆ రోజు మాస్టారి ముందు ఆ డాక్టరు నోట అబద్ధం పెట్టాను. ఆ క్షణంలో కల్పించాను. నువ్వు మీ వదినని అడిగావని తెలిశాక కూడా సరిదిద్దలేదు.

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టాను. మీ వదిన ఇప్పుడే నీతో ఫోన్ మాట్లాడి వచ్చింది. నిన్న పొద్దున్నే వద్దని చెప్పేశావట. సరే, ఇంకొకరిని చూసుకుంటామన్నారట. నువ్వు మళ్ళీ టంకం బల్ల దగ్గర కూర్చున్నావట. "పర్లేదులే వదినా, అన్నయ్యని కంగారు పడొద్దని చెప్పు" అన్నావట. ఆవిడ ఆ మాట చెప్పి, నా వంక చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేనీ కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. ఆ చెత్తబుట్టలోకి వెళ్ళిన కాగితాల్లో ఏ ఒక్కటి పూర్తి చేసి ఉన్నా నీకు టైముకి అంది ఉండేది.

ఉత్తరం మామూలు పోస్టులో వేయను, కొరియర్లో పంపుతున్నాను. అందగానే నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. ఇది తీసుకెళ్ళి మీ పెద్ద ఇంజనీరుగారి చేతిలో పెట్టు. మొత్తం ఇవ్వు, ఏ కాగితమూ దాచకు, అసూయ గురించి రాసింది కూడా. అన్నయ్య పరువు పోతుందని నువ్వు వెనకాడతావని నాకు తెలుసు. వెనకాడకు. ఇన్నాళ్ళూ వెనక గదిలో ఒక్కణ్ణే కూర్చుని సిగ్గుపడ్డాను, దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. ఇదైనా నీకు పనికి రానీ. మీ ఇంజనీరుగారి కోసం కింద నాలుగు ముక్కలు విడిగా రాస్తున్నాను. ఆయన ఇంకొకరిని ఇంకా ఖాయం చేసి ఉండకపోతే చాలు.

అయ్యా, నమస్కారం. మా చెల్లెలు మీ వినే గదిలో పని వద్దన్నది తన ఇష్టంతో కాదు, నా మాట మీద. తన చెవి మంచిది కాదని తనకి చెప్పింది నేను. అది అబద్ధం. నేను బాగుచేసిన ఒక జత ముందు తనూ నేనూ ఒకేసారి నిలబడ్డాం. అందులో తప్పుందని తను చెప్పింది, లేదని నేను చెప్పాను. తను విన్నది సరైనది. ఆ జత ఇప్పుడు తను చెప్పినట్టే సరిచేయించాను, దాని యజమాని సంతోషంగా వింటున్నారు. పాత స్పీకర్ల విషయంలో నా చెవి మీద నమ్మకంతో నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, నా మాటకి మీరూ కొంత విలువ ఇస్తారేమోనని ఇది చెబుతున్నాను. నాకు వినబడదు.

ఇట్లు,
మా చెల్లెలికి వయసులో మాత్రమే పెద్దవాడైన
అన్నయ్య